స్వసృశబ్దమును తెలుఁగు వరుసలును

శూర్పణఖ విభీషణున కేమగును? ఈ ప్రశ్నకు సంస్కృతమున నుత్తరము సులభము. స్వస యగును, భగిని యగును. తెలుఁగున నుత్తరము చెప్పుటకు ముందు గ్రంథము తెఱచి చూడవలసియుండును. ముప్పది యేండ్ల క్రిందట నేను పాఠశాలలోఁ గ్రొత్తగా నుద్యోగమునఁ జేరిన దినములలో రామాయణకథ చెప్పుచు, "విభీషణుని చెల్లెలగు శూర్పణఖ" యని బాలురచేత వ్రాయించితిని. ఆమె రావణుని చెల్లెలని లోకప్రసిద్ధి; ఆ ప్రసిద్ధినిబట్టి విభీషణునకును జెల్లెలే యని నా నోట వచ్చినది. ఆ సాయంకాలమే యొక బాలుని తాతగారు మా యింటికి వచ్చిరి. ఆయన పెద్దచదువులు చదివినవారు కారు. పురాణములు విని విని పండినవారు. "అయ్యా! విభీషణుఁడు కడగొట్టువాఁడు గదా, ఆమె యతనికి అక్క కావలదా?" యని మెల్లగా నడిగిరి. ఉత్తరకాండము తీసి చూచితిని. కైకసి కడుపున మొదట దశగ్రీవుఁడు, పిమ్మటఁ గుంభకర్ణుఁడు, మూఁడవది శూర్పణఖ, కడపట విభీషణుఁడు పుట్టిరి. అనఁగా నామె యిద్దఱకుఁ జెల్లెలు, ఒకనికి అక్క. అష్టాధ్యాయి కంఠస్థమని గర్వించుచుండిన నాకు నా తప్పు వ్యాకరణముచేఁ దెలియలేదు. ఒక ముదుసలి ప్రశ్నచేఁ దెలిసినది.

నాఁటినుండి యీ పదములను గూర్చి యోచించుచు వచ్చితిని. స్వసృశబ్దమునకు సరిసమానమగు నొక్క తెలుఁగుమాట లేదు. ఇది మన భాషకుఁ గొఱఁతయని కొందఱు తలఁతురు. అది కొఱఁత కాదనియు, ఒక మనుష్యునకుఁ జుట్టఱికపుఁ బేరు పెట్టుటకు ముందు తెలుఁగు రెండు ప్రశ్నలు వేయుననియు, ఆ ప్రశ్నల కుత్తరము దొరకినఁగాని పేరు పలుకదనియు నా యభిప్రాయము. మొదటి ప్రశ్న: పెద్దయా, చిన్నయా? రెండవది: ఏ వరుస? ఈ రెంటిని వివరించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట సంస్కృతమును జూతము. స్వసృశబ్దము వైయాకరణులకుఁ జిరపరిచితము. ఋకారాంతమైన స్త్రీవాచకమయ్యును దీనిపై ఙీప్ప్రత్యయము రాకుండఁ బాణిని నిషేధించెను. ఆ గణమునకు స్వస్రాదియని యీ శబ్దముతోడనే పేరు. మాతరం, దుహితరం అని తక్కినవి హ్రస్వముతో నుండఁగా, స్వసారం అని దీర్ఘమును బొందుట దీని విశేషము. అమరసింహుఁడు భగినీస్వసృశబ్దములను బర్యాయములుగాఁ జెప్పెను. ఈ రెంటిలో దేనియందును వయోభేదము లేదు. అక్కయని స్పష్టముగాఁ జెప్పఁగోరినచో జ్యేష్ఠా, అగ్రజా యనియు, చెల్లెలని చెప్పఁగోరినచోఁ గనిష్ఠా, అనుజా యనియు వేఱుమాట తేవలెను. నాట్యవర్గమున జ్యేష్ఠభగినికి అత్తిక యను పేరున్నది గాని యది రంగస్థలపుఁ బలుకు. వయస్సు చెప్పుట సంస్కృతమున వక్త యిచ్ఛ. తెలుఁగున నది విధి.

ఈ భేదము సమాసములందు మఱింత తేటపడును. పాణినీయమున భ్రాతృశబ్దము స్వసృశబ్దముతోఁ గూడినపుడు భ్రాతృశబ్దమే శేషించును. అన్నయుఁ జెల్లెలును గలసి భ్రాతరౌ. కొడుకును గూఁతురును గలసి పుత్రౌ. ఆఁడుబిడ్డ పేరు లోపించును. ప్రకరణమును బట్టి యామె యున్నదని మన మూహింపవలెను. తెలుఁగున నిట్టి యేకశేషము లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, అన్నచెల్లెండ్రు, అక్కతమ్ములు అని నాలుగు ద్వంద్వములు గలవు. నలుగురకును నాలుగు పేరులు నిలిచియున్నవి. మఱియు నొక విశేషము: ప్రతి జతయందును బెద్దవారి పేరు ముందు, చిన్నవారి పేరు వెనుక. అన్నచెల్లెండ్రనుచోఁ బురుషుఁడు గనుక అన్న ముందున్నాఁడని యెవరైన ననుకొందురేని, అక్కతమ్ములనుచోట అక్కయే ముందున్నది. కాఁబట్టి యిచ్చటఁ గ్రమమునకు లింగము కారణము గాదు, వయస్సే కారణము. "తమ్ములక్కలు" అని యే పల్లెయందును వినము. ద్వంద్వమున గసడదవాదేశము వచ్చునను నియమముచేఁ గాలుసేతులవలె అక్కసెల్లెండ్రని కావలెను. అన్నదమ్ములయందు ఆదేశమును నిలుపుకొన్న వ్యవహర్తలే రెండవచోట దానిని విడిచిరి. చదువరుల సౌకర్యమునకై నేనును విడిచియే వ్రాయుచున్నాఁడను.

తోఁబుట్టువు అను మాట యున్నది గదా, అది స్వసృశబ్దమునకు సరిపోదా యని యాక్షేపింపవచ్చును. తోడఁ బుట్టినదని దాని యర్థము. అరవమున ఉడన్‌పిఱందాళ్, కన్నడమున ఒడహుట్టిదవళు అనునవి యట్టివే. సంస్కృతమున సహోదరి యనునదియు నట్టిదే. ఇవి యన్నియు వివరణములు. తోఁబుట్టువు పురుషునకును జెల్లును, స్త్రీకిని జెల్లును; వాడుకలో నెక్కువగా స్త్రీకిఁ జెల్లును. కాని చుట్టఱికపుఁ బేరునకు నేనొక పరీక్ష పెట్టుకొంటిని: దానితోఁ బిలువవచ్చునా? "అక్కా!" యని పిలుతుము. "చెల్లీ!" యని పిలుతుము. "తోఁబుట్టువా!" యని యింట నెవ్వరును బిలువరు. సోదరీశబ్దముతో సభలలోఁ దెలియని స్త్రీలను సంబోధింతురు గాని, యింటిలో నక్కను "సోదరీ" యని పిలిచినచో నామె నవ్వును. పిలుపునకు వచ్చు పేరులు రెండే; ఆ రెండును వయస్సును జెప్పును.

ఇఁక రూపవిచారము. అక్కశబ్దము అరవ కన్నడములందును గలదు. సంస్కృతమున తల్లి యను నర్థమున అక్కాశబ్ద మున్నది. అంబార్థకములకు సంబుద్ధియందు హ్రస్వము విధించుచోట వ్యాఖ్యాతలు అంబా, అక్కా, అల్లా శబ్దముల నుదాహరించిరి. ఇది ద్రావిడభాషలనుండి సంస్కృతమునకుఁ బోయినదని 1856లోఁ దన ద్రావిడభాషావ్యాకరణమును బ్రకటించిన కాల్డ్వెల్ వ్రాసెను. చెల్లెలుశబ్దముగతి వేఱు. చిన్నవానికి అరవమునఁ దంబి, కన్నడమునఁ దమ్మ, మనకుఁ దమ్ముఁడు. మువ్వురమును నొక్కత్రోవనే యున్నాము. చిన్నదానికి అరవమునఁ దంగై, కన్నడమునఁ దంగి యనఁగా మనము మాత్రము చెలియలు, చెల్లెలు అనుచున్నాము. ఈ పదమునకు గోండీభాషలో జ్ఞాతి గలదు.

చెల్లెలు అనుచోటఁ గడపటి లువర్ణము బహువచనము గాదు. ఆలు, కోడలు, మఱఁదలు, చెలియలు, చెల్లెలు ఈ యైదును నొక్క కుటుంబపు శబ్దములు. వీనికి బహువచనమున ఆండ్రు, కోడండ్రు, మఱఁదండ్రు, చెలియండ్రు, చెల్లెండ్రు అగును. వ్యవహారమున చెల్లెళ్ళు, కోడళ్ళు అనియు, తెలంగాణమునఁ జెల్లెండ్లు అనియు నందురు. బాలురు కొందఱు "ఒక చెల్లి, ఇద్దఱు చెల్లెలు" అని వ్రాయుదురు. లువర్ణమును బహువచనప్రత్యయమని భ్రమించుటయే దీనికిఁ గారణము. ఇట్టి తప్పును గొట్టివేయుటతో నూరకుండక, పై యైదు శబ్దములను వరుసగా నల్లబల్లపై వ్రాసి చూపినచో బాలుఁడు తనంత దానే కారణము గ్రహించును.

ఇంతవఱకు మొదటి ప్రశ్న, వయస్సు. రెండవ ప్రశ్న వరుస. ఇదియే ముఖ్యము.

సంస్కృతమునఁ దల్లి తోఁబుట్టువు మాతృష్వస, తండ్రి తోఁబుట్టువు పితృష్వస. వ్యాకరణమున నీ రెండును గవలపిల్లలు. సకారమునకు షత్వమును రెంటికిని నొక్క సూత్రమే చేయును. అపత్యార్థమునఁ బైతృష్వస్రీయుఁడు, పైతృష్వసేయుఁడు అని పితృష్వసకుఁ జెప్పిన కార్యమునే సూత్రకారుఁడు మాతృష్వసకు నతిదేశించెను. మాతృష్వస్రీయుఁడు, మాతృష్వసేయుఁడు అని రూపములు. శబ్దమును బట్టి చూచినచో వీరిరువురును సమానులు. తెలుఁగింటిలోనో, వీరిరువుర నడుమ గోడ యున్నది. తల్లి అక్క పెద్దతల్లి, చెల్లెలు పినతల్లి. ఇరువురును దల్లులే. అట్లే తండ్రి యన్న పెదతండ్రి, తమ్ముఁడు పినతండ్రి, ఇరువురును దండ్రులే. తల్లిదండ్రులైనవారి బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. తండ్రి తోఁబుట్టువు మాత్రము తల్లి కాదు, మేనత్త. తల్లితోడఁ బుట్టినవాఁడు తండ్రి కాఁడు, మేనమామ. వారి బిడ్డలు అక్కచెల్లెండ్రు కారు, వదినెలు, మఱఁదండ్రు. సంస్కృతము మాతృష్వసశబ్దములో స్వసను నిలిపినది. తెలుఁగు పినతల్లిశబ్దములోఁ దల్లిని నిలిపినది. భేద మంతయు నిచ్చటనే యున్నది.

దిగువతరమునను నిదియే న్యాయము. పురుషునకు అన్నదమ్ముల బిడ్డలు కొడుకులు, కూఁతులు. అక్కచెల్లెండ్ర బిడ్డలు మేనల్లుండ్రు, మేనకోడండ్రు. స్త్రీకి సరిగా దీనికి మాఱు: అక్కచెల్లెండ్ర బిడ్డలు కొడుకులు, కూఁతులు, అన్నదమ్ముల బిడ్డలు మేనల్లుండ్రు, మేనకోడండ్రు. ఒక్క బాలికయే తండ్రి యన్నకుఁ గూఁతురు, తండ్రి యక్కకు మేనకోడలు. పేరు బాలికనుబట్టి కాక, పిలుచువారినిబట్టి మాఱుచున్నది.

పురాణములందలి యుదాహరణములు చూచినచో నిది మనసున నాటును. దేవకి కంసున కేమగును? చెల్లెలని ప్రతి బాలుఁడును జెప్పును. కాని కంసుఁ డుగ్రసేనుని కొడుకు, దేవకి దేవకుని కూఁతురు, ఉగ్రసేనదేవకు లన్నదమ్ములు. ఒక్కకడుపునఁ బుట్టినవారు కారు. భాగవతమున నామెను గంసుని స్వసగాఁ జెప్పుచోట సంస్కృతశబ్దము తన యర్థమును విరివి చేసికొన్నది. తెలుఁగుమాట కా శ్రమ లేదు, అన్నదమ్ముల బిడ్డ చెల్లెలే యగును. ఆ చెల్లెలి కొడుకు గనుకనే కృష్ణుఁడు మేనల్లుఁడు, కంసుఁడు మేనమామ. దుస్సల నూర్గురు కౌరవుల వెనుకఁ బుట్టినది. దుర్యోధనునకుఁ జెల్లెలు, ధర్మరాజునకును జెల్లెలే. సైంధవుఁడు ద్రౌపది నపహరించి చిక్కినపుడు ధర్మరాజు దుస్సలను దలఁచి వానిని విడిపించెనని భారతకథ. చెల్లెలి పసుపుకుంకుమలు నిలిపినాఁడని తెలుఁగు శ్రోత వెంటనే గ్రహించును.

దీనికి ఎదురుగా సుభద్రను జూడుఁడు. కుంతి వసుదేవుని తోఁబుట్టువు. అందుచే సుభద్ర అర్జునునకు మేనమామకూఁతురు, మేనమఱఁదలు. పెండ్లాడఁ దగిన వరుస. అర్జునుఁడు కృష్ణుని "బావా!" యని పిలుచుట మన నాటకములలో నందఱును విన్నదే. ఆ యొక్క పిలుపులో మేనమామ కొడుకనియు, భార్య యన్న యనియు రెండర్థములు గలసియున్నవి. సంస్కృతమున నొకదానికి మాతులేయుఁడు, రెండవదానికి శ్యాలుఁడు అని వేర్వేఱుమాటలు కావలెను. శిశుపాలుఁడును గృష్ణునకు మేనత్త శ్రుతశ్రవస కొడుకే, సంస్కృతమునఁ బైతృష్వసేయుఁడు. దుస్సలయు, సుభద్రయు నర్జునునకుఁ దండ్రి వంకనో తల్లి వంకనో సమానదూరపు బంధువులే. ఒకతె యింటియాఁడుఁబడుచు, మఱొకతె పెండ్లాడఁదగినది. ఈ భేదము రక్తములో లేదు, వరుసలో నున్నది. ఆ వరుసను నిలిపియుంచినది మాట.

అత్తశబ్దమునకు మూఁడర్థములు గలవు: తండ్రి తోఁబుట్టువు, మేనమామ భార్య, భార్యకుఁగాని భర్తకుఁగాని తల్లి. మామశబ్దమును నిట్టిదే. మేనఱికము నడచు నింటిలో నీ మూఁడును నొక్క మనిషియే కావచ్చును గనుక నొక్క పేరు చాలినది. మేనమామకూఁతును, మేనత్తకూఁతును బెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారములలో నొకటిగా బౌధాయనధర్మసూత్రమున నెన్నఁబడినది. ఆచారము ప్రాచీనమని దీనివలనఁ దెలియును. అక్కకూఁతును మేనమామ పెండ్లాడుటయుఁ బెక్కుకులములలోఁ గలదు. అచ్చటను సాధారణముగా అక్కకూఁతురే గాని చెల్లెలికూఁతురు కాదు; మొదటి ప్రశ్న మఱల వచ్చినది. అమెరికాదేశీయుఁడగు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లోఁ బ్రకటించిన బృహద్గ్రంథమున అరవము, తెలుఁగు, కన్నడము వీని చుట్టఱికపుఁ బేరులను బట్టికలుగా నిచ్చి, తన దేశపు ఇరొక్వాయి జాతులవారి పేరులతో నవి చాల పోలుచున్నవని యాశ్చర్యపడెను. 1981లో ట్రౌట్‌మన్ ద్రావిడబంధుత్వమును గూర్చి ప్రత్యేకగ్రంథమే వ్రాసి, యీ పేరుల కూర్పునకును మేనఱికమునకును గల సంబంధమును విచారించెను. మేనఱికము మంచిదా, చెడ్డదా యను విచారము వైద్యులది. నా పని పదములతోడనే.

పిలుచువారినిబట్టి యర్థము మాఱుటకు ఆఁడుఁబడుచుశబ్దము చక్కని యుదాహరణము. పుట్టినింటివారు "మా ఆఁడుఁబడుచు" అన్నచో నింటఁ బుట్టిన కూఁతురో, తోఁబుట్టువో యని యర్థము. పండుగకుఁ బిలిచి చీరసారెలు పెట్టవలసినది. ఇంటికోడలు "మా ఆఁడుఁబడుచు" అన్నచో భర్త తోఁబుట్టువు. సంస్కృతమున దీనికి ననాందృశబ్దము వేఱుగ నున్నది. పెండ్లిలో ఆఁడుఁబడుచు లాంఛనములు పుచ్చుకొనునది యీమెయే. అన్నదమ్ముల భార్యలు పరస్పరము యాతలని సంస్కృతము, కోస్తాసీమలోఁ దోడికోడండ్రు. తెలంగాణమునను రాయలసీమయందును యారాలు అందురు. ఇది కోశములందు ఏరాలను రూపమునఁ గానవచ్చు ప్రాఁతమాట. తోడల్లునకు షడ్డకుఁడను పేరు కొన్నిచోట్ల వాడుకలో నున్నది. ఒకసీమవారి మాట మఱొకసీమవారికి మోటుగాఁ దోఁచును. కాని యారాలు అను ముసలమ్మ కావ్యభాషకుఁ జేరువగా నున్నదని పండితులు గుర్తింపవలెను.

ఇది యంతయు నేల చెప్పుచున్నాననఁగా, నేఁడు మన బాలుర నోట నీ పేరులు తొలఁగిపోవుచున్నవి. పినతల్లియు, మేనత్తయు, పొరుగింటి యిల్లాలును నొక్కతీరుగ ఆంటీ. పినతండ్రియు మేనమామయు అంకుల్. పెద్దతల్లి కూఁతురును మేనమామ కూఁతురును గజిన్. ఇటీవల మా బంధువుల పెండ్లిలో నొక యువకుఁడు తన ప్రక్కనున్న బాలికను గజిన్ అని చెప్పెను. "చెల్లెలా? మఱఁదలా?" యని ముత్తైదువ యొకతె యడిగినది. అతఁడు తెల్లఁబోయి తల్లి మొగము చూచెను. పరదేశపుమాట చేరుట తప్పని నే ననను. మన భాషలోఁ జేరి యిమిడిన మాటలు వేలు గలవు. కాని చేరినమాట రెండు పేరులను మ్రింగి, వాని నడుమనున్న గోడను గూల్చినచో, పోయినది మాట మాత్రమే కాదు. ఎవతె చెల్లెలో, ఎవతె మఱఁదలో తెలియనివానికి నెవరియెదుట నెట్లు మెలఁగవలెనో తెలియదు.

చట్టమునను దీని జాడ యున్నది. 1955వ సంవత్సరపు హిందూవివాహచట్టము నిషిద్ధసంబంధములను జెప్పుచు అన్నదమ్ముల బిడ్డలను, అక్కచెల్లెండ్ర బిడ్డలను, అన్నచెల్లెండ్ర బిడ్డలను నొక్కచోటనే చేర్చినది. ఆచారము సమ్మతించునెడల మినహాయింపు నిచ్చినది. చట్టము చేయని భేదమును ఆచారము చేయుచున్నది; ఆచారమునకు దినదినమును సాక్ష్యమిచ్చునవి యీ పిలుపులే.

పాఠశాలాపండితులకు నా విన్నపము మూఁడు మాటలు. స్వసృ, భగినీ శబ్దములకుఁ దెలుఁగు చెప్పునపుడు మూలకథలోఁ బుట్టుకక్రమము నరసి అక్కయనియో, చెల్లెలనియో వ్రాయింపుఁడు. క్రమము తెలియనిచోఁ దోఁబుట్టువని వ్రాయింపుఁడు, ఊహించి చెల్లెలనకుఁడు. రెండవది, తద్ధితములు చెప్పునపుడు మాతృష్వసేయ, పైతృష్వసేయ శబ్దములను రూపసామ్యముతో విడువక, ఒకఁడు అన్నయో తమ్ముఁడో యగుననియు, రెండవవాఁడు బావయో మఱఁదియో యగుననియుఁ జెప్పుఁడు. మూఁడవది, ప్రతి బాలునిచేతను వాని యింటిలోఁ బెద్దలు వాడు పేరులను వ్రాయించి తెప్పింపుఁడు. చిన్నమ్మ, పిన్ని, దొడ్డమ్మ, చిన్నాయన, బాబాయి, యారాలు మొదలుగాఁ గోశములకు నెక్కినవియు, నెక్కనివియు నెన్నియో యొక్క తరగతిలోనే దొరకును. నేను కొంతకాలముగా నట్లు చేయుచున్నాఁడను. వ్రాసికొని రమ్మన్నపుడు బాలురు తప్పక ఇంటి ముసలివారి నడుగుదురు. పాఠమునకంటె నా యడుగుటయే మేలని నాకుఁ దోఁచినది.

విభీషణుని గూర్చి నన్నడిగిన తాతగారు గతించి చాలకాలమైనది. ఆయనకు స్వసృశబ్దరూపములు తెలియవు. అక్క యెవరో, చెల్లెలెవరో మాత్రము తెలియును. ఆ తెలివి మన పాఠములలోఁ జేరవలెనని నా కోరిక.